ముందు బస్సు, తర్వాతే టోల్

రద్దీ వేళల్లో కార్లపై పన్ను వేయాలన్న మాట బెంగళూరులో పదేపదే వినిపిస్తోంది. రేపు హైదరాబాద్ ఐటీ కారిడార్ వంతు వచ్చినా ఆశ్చర్యం లేదు. ఈ ఆలోచనను మేం కొట్టిపారేయడం లేదు. అయితే దాన్ని పరీక్షించే పద్ధతి స్టాక్‌హోమ్‌ను చూసి నేర్చుకోవాలి.

స్వీడన్ రాజధానిలో 2006 జనవరి 3 నుంచి జులై 31 దాకా ప్రయోగం సాగింది. నగరం నడిబొడ్డులోకి వెళ్లినా, బయటికి వచ్చినా వేళను బట్టి 10, 15, 20 క్రోనార్లు (స్వీడన్ కరెన్సీ) చెల్లించాల్సి వచ్చేది. రోజుకు 60 మించేది కాదు. రాత్రుళ్లు, శని, ఆదివారాలు ఏమీ కట్టనక్కర్లేకపోయేది. గేట్లు లేవు, బండి ఆపే పనే లేదు; కెమెరాలే నంబర్ ప్లేట్లను ఫొటో తీసేవి. మొదట్లో ఎక్కువ మంది వద్దన్నారు. కానీ పన్ను మొదలయ్యాక వాహనాలు సుమారు ఐదో వంతు తగ్గాయి. ప్రయోగం ఆపగానే మళ్లీ పెరిగాయి. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగరవాసులు స్వల్ప తేడాతో సరేనన్నారు. ఓటింగ్ జరిపిన శివారు మున్సిపాలిటీల్లో మాత్రం చాలా చోట్ల వ్యతిరేకతే వచ్చిందన్నది మరవకూడదు. 2007 ఆగస్టు నుంచి పన్ను శాశ్వతమైంది.

మన పాలకులు గమనించాల్సింది కెమెరాలను కాదు. పన్ను మొదలవడానికి నాలుగు నెలల ముందే, 2005 ఆగస్టులో, దాదాపు 200 కొత్త బస్సులు రోడ్డెక్కాయి. కారు మానేసిన మనిషి ఎందులో వెళ్లాలో ముందే తేల్చారు.

టెక్నాలజీ ఒక్కటే చాలదని హాంకాంగ్ ఎప్పుడో చూపించింది. ఇలాంటి పన్ను కోసమే అక్కడ 1983–85లో సుమారు 2,500 వాహనాలకు, వాటిని గుర్తించే ఎలక్ట్రానిక్ ప్లేట్లు బిగించి పరీక్షిస్తే అవి చక్కగా పనిచేశాయి. కానీ తమ రాకపోకలపై సర్కారు నిఘా పెడుతోందన్న అనుమానంతో జనం ఎదురు తిరిగారు. పథకం అటకెక్కింది.

మనకు ఫాస్టాగ్ ఉంది, ఔటర్ రింగ్ రోడ్డుపై టోల్ కట్టే అలవాటూ ఉంది. లేనిది బస్సే. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక సిటీ బస్సులు కిక్కిరిసిపోతున్నాయి. మెట్రో దిగి ఆఫీసు చేరడానికి ఆటోవాలాతో బేరమాడక తప్పని చోట, కారు మానేయమంటే ఎవరు వింటారు?

కాబట్టి ట్రయల్ పెట్టేవారు ముందు బస్సులు దింపాలి. బైకులకు, ఆటోలకు మినహాయింపు ఉందో లేదో ముందే చెప్పాలి. స్టాక్‌హోమ్ మోటార్‌సైకిళ్లను వదిలేసింది. మన దగ్గర వాటికి ఫాస్టాగే లేదు. బండ్ల ఫొటోలు ఎన్నాళ్లు దాస్తారో రాతపూర్వకంగా ప్రకటించాలి. ట్రయల్ ముగిసే తేదీని మొదలయ్యే రోజే చెప్పాలి. వసూలైన సొమ్ము ఖజానాలో కలిసిపోకుండా ఆర్టీసీ ఖాతాకే చేరాలి.