సవరణ: ఎగిరే మాంక్ పాత్ర సమతూకం గురించి

పాచికలతో ఆడే కల్పిత పాత్రల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నియమాల ప్రకారం ఆరకోక్రా (రెక్కలున్న పక్షి మనుషుల) జాతి మాంక్‌ను, అంటే కవచం లేకుండా పోరాడే యోధసన్యాసి పాత్రను, రూపొందించడంపై రాసిన వ్యాసంలో, మధ్యస్థ లేదా బరువైన కవచంతో ఎగరకూడదన్న షరతే పాత్రను అదుపులో ఉంచుతుందన్న వాక్యానికి ఈ వివరణ. మాంక్ ఎలాగూ కవచం తొడగడు కనుక ఆ షరతు వల్ల అతనికి పోయేదేమీ లేదు. అసలు పగ్గం పతనమే. 60 అడుగుల ఎత్తులో ఎవరైనా మంత్రంతో స్తంభింపజేస్తే పాత్ర కింద పడి, ప్రతి 10 అడుగులకు ఒక ఆరుముఖాల పాచిక చొప్పున సగటున 21 పాయింట్ల నష్టం కలుగుతుంది. 10 హిట్ పాయింట్లు (ప్రాణశక్తి) ఉన్న 1వ స్థాయి పాత్రకు, ఆ పదీ పోయాక మిగిలిన 11 నష్టం దాని గరిష్ఠ పాయింట్లను మించుతుంది కనుక, నియమం ప్రకారం అక్కడికక్కడే మరణం. పతనపు దెబ్బను తగ్గించే సామర్థ్యం 4వ స్థాయికి గానీ రాదు, వచ్చాక కూడా స్తంభించిన స్థితిలో పనిచేయదు. అయినా, ఒక్కో వంతులో ఎగిరే వేగాన్ని 50 నుంచి 30 అడుగులకు తగ్గించమన్న ఆ వ్యాసంలోని సూచన యథాతథం: శత్రువుల్లో విలుకాళ్లు లేని పోరాటాల్లో ఈ పాత్ర తోటివారికి (ముఖ్యంగా పాపం, కత్తివీరుడికి) పని మిగల్చదు.