ఫీజు మాఫీ సరే, పోయిన పూట కూలి ఎవరిస్తారు?

పెద్దగా చదువుకోని కార్మికులకు శిక్షణ అనగానే ప్రభుత్వాలు ముందు చేసే పని కోర్సు ఫీజు రద్దు చేయడం. తీరా సీట్లు ఖాళీగా మిగిలితే, వీళ్లకు నేర్చుకోవాలనే ఆసక్తే లేదని తేల్చేస్తారు. అసలు అడ్డంకి ఫీజు కాదు. గోదాములో పెట్టెలు మోసే మనిషి ఫోర్క్‌లిఫ్ట్ నడపడం నేర్చుకోవాలంటే కొన్ని షిఫ్టులు వదులుకోవాలి. ఓవర్‌టైమ్ పోతుంది, ఇంటి అద్దె మాత్రం ఆగదు. దరఖాస్తు నింపడమే ఒక టెన్షన్. చిన్నప్పుడు బడిలో తిన్న చీవాట్లు మరచిపోనివాడికి మళ్లీ బెంచీ మీద కూర్చోవడం ఇంకో టెన్షన్.

మరి యజమాని ఖర్చు పెట్టుకోవచ్చు కదా? ఎక్కడైనా పనికొచ్చే నైపుణ్యం నేర్పితే కార్మికుడు రేపు పక్క కంపెనీకి పోవచ్చు, అందుకే ఆ ఖర్చు చివరికి కార్మికుడి మీదే పడుతుందని ఆర్థికవేత్త గ్యారీ బెకర్ 1964లోనే వివరించారు. లెక్క సరైనదే. కానీ రోజు గడవడమే కష్టమైనవాడు ఎక్కణ్నుంచి తెస్తాడు?

శిక్షణకు వాడుకునే డబ్బు నేరుగా కార్మికుడి పేరిట ఉన్న ఖాతాలో వేసే ప్రయోగాలూ జరిగాయి. బ్రిటన్ 2000లో అలాంటి ఖాతాలు తెరిచి, మోసాలు బయటపడటంతో మరుసటి ఏడాదే మూసేసింది. ఫ్రాన్స్ పద్ధతి కాస్త నయం: 2019 నుంచి మామూలు ఉద్యోగికి ఏడాదికి 500 యూరోలు, తక్కువ అర్హతలున్నవారికి 800. అయితే అక్కడా ఆ ఖాతాల డబ్బు కోసం మోసపు ఫోన్ కాల్స్ ఎంత పెరిగాయంటే, 2022 చివర్లో వాటిని నిషేధిస్తూ చట్టమే తేవాల్సి వచ్చింది. 2024లో కోర్సుకు 100 యూరోలు సొంతంగా కట్టాలన్నారు. నిరుద్యోగులకు మినహాయింపు ఇచ్చారు గానీ, యజమాని ముందుకు రాకపోతే చిన్న జీతగాడు కట్టుకోవాల్సిందే. ఇది తప్పని నా అభిప్రాయం.

డెన్మార్క్ అసలు సమస్యను పట్టుకుంది. అక్కడ కార్మికుల కోసం పొట్టి కోర్సులున్నాయి, హాజరైన కాలానికి వేతన పరిహారమూ ఉంది. యజమాని జీతం ఆపకుండా ఇస్తే ఆ పరిహారం ఆయనకే చేరుతుంది. భయం పోగొట్టడానికి బ్రిటన్‌లో ఇంకో దారి దొరికింది: 2002 చట్టం యూనియన్ల తరఫున శిక్షణ ప్రతినిధులకు పనివేళల్లోనే తోటివారితో మాట్లాడే హక్కిచ్చింది. అధికారికి చెప్పుకోలేని మాట పక్క మెషీన్ మీద పనిచేసేవాడికి చెప్పుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఈ పనికి అండగా నిలిచిన నిధిని 2021లో ఆపేయడం నాకైతే అర్థం కాలేదు.

ప్రభుత్వ సొమ్ము తీసుకునే కంపెనీ ఒక్కటి ముందే రాసివ్వాలి: కోర్సు పూర్తయ్యాక ఏ పని, ఎంత జీతం. చిన్న యూనిట్లకు ఇబ్బందే. ఒకడు సెలవు పెడితే లైన్ ఆగిపోతుంది. వాళ్లకు ఆ రోజుల్లో బదులు పనిచేసే మనిషి కూలి కూడా ఆ ప్రభుత్వ సొమ్ము నుంచే ఇవ్వాలి.