పాత ఫోను వైరుతో రాడార్ డిటెక్టరా!

రాడార్ డిటెక్టరంటే పోలీసుల స్పీడు రాడార్‌ని ముందే పసిగట్టి హెచ్చరించే పరికరం, కారు లోపలి మిర్రర్ దగ్గర పెట్టుకుంటారు. దాని గురించి అమెరికా తెలుగు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్ళీ చక్కర్లు కొడుతోంది. "రాడార్ డిటెక్టర్‌కి ఇంట్లో పడున్న ఫోను వైరు చాలు. ఒక కొస కోసి మిర్రర్ వెనక ఎర్ర వైరుకి చుట్టి టేపేయండి. ఫ్యూజు అక్కర్లేదు. మిర్రర్‌కి వైర్లే లేకపోతే ముందద్దం పక్క పిల్లర్ మీదుగా లాగండి. షాపువాడికి డబ్బులు దండగ. వర్జీనియాలో ఆపేస్తే సరి." కింద పాతిక దండాలు, "సూపర్ అన్నా" కామెంట్లు.

ముందు ఆ ఫోను వైరు సంగతి. చాలా డిటెక్టర్ల పవర్ జాక్ అచ్చం ఫోను జాక్‌లాగే ఉంటుంది, నిజమే. దూరుతుంది కూడా. కానీ మామూలు ఫోను వైరులో రెండు కొసల పిన్నులు అటుదిటుగా ఉంటాయి. ఒక కొసన మూడో పిన్నుకి వెళ్ళిన ఎరుపు రెండో కొసన నాలుగో పిన్నుకి వెళ్తుంది. ఫోనుకి దాంతో పేచీ లేదు. మీరు ఏ కొస కోశారన్నదాన్ని బట్టి డిటెక్టర్‌లో ప్లస్ పోవాల్సిన చోటికి మైనస్ పోతుంది. పైగా ఫోను భాషలో ఎరుపంటే ప్లస్ కానే కాదు. ఇంకా తమాషా ఏంటంటే, మెత్తటి చదును వైరు తొక్క ఒలిస్తే చాలాసార్లు లోపల ఉండేది నూలుదారం, దాని చుట్టూ చుట్టిన పల్చటి రాగి రేకు. దాన్ని మెలిపెట్టి టేపేస్తే ఎన్ని గతుకులు తట్టుకుంటుంది?

"డిటెక్టర్ అర యాంప్ కూడా తాగదు, ఫ్యూజెందుకు" అంటున్నారు. ఫ్యూజు డిటెక్టర్ కోసం కాదు నాయనా, వైరు కోసం. రూఫ్ రేకు అంచుకి ఒరుసుకుని తొక్క ఊడి షార్టయిందనుకోండి. ఆ లైనుకి కారులో ముందే ఉన్న ఫ్యూజు 10 యాంప్‌లదైతే, అది ఎగిరేలోపు మీ దారంవైరు రూఫ్ గుడ్డ వెనకాల ఎర్రగా కాలుతుంది. 2 యాంప్‌ల ఇన్‌లైన్ ఫ్యూజు (వైరు మధ్యలో కలిపేది), అదీ కరెంటు తీసుకున్న చోటికి బెత్తెడు దూరంలోపే ఉండాలి. డిటెక్టర్ దగ్గర పెడితే మధ్యలో వైరుకి దిక్కెవరు?

మిర్రర్ వెనక "ఎర్ర వైరు" అట! రంగులు కంపెనీకో తీరు. ఆటో డిమ్మింగ్ మిర్రర్‌కి (వెనక బండి లైట్లకి తనంతట తానే మసకబారేది) మామూలుగా కరెంటు, గ్రౌండ్, రివర్స్ గేరు సిగ్నల్ వస్తాయి. ఆ మూడోది పట్టుకున్నారో, కారు వెనక్కి నడిపేటప్పుడు మాత్రం స్పీడ్ టికెట్ రాకుండా కాపాడుతుంది. వోల్టులు కొలిచే మీటరు పెట్టండి: ఇంజన్ ఆన్‌లో 12 వోల్టులు పైన, ఆపి అరగంట ఆగాక సున్నా. సున్నా కాకపోతే ఆ వైరు వదిలేయండి. పావు యాంప్ చొప్పున రోజుకి 6 యాంప్-అవర్లు, బ్యాటరీ 60. మూడు వారాలు ఇండియా వెళ్ళొచ్చి తాళం తిప్పితే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి.

పిల్లర్ మీదుగా లాగేవాళ్ళు: చాలా కార్లలో అక్కడ మడతపెట్టి ఉండేది, గుద్దుకున్నప్పుడు కిటికీలకి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్. వైరు దాని ముందునుంచి కాదు, వెనకనుంచి వెళ్ళాలి. పిల్లర్ కవర్ ఊడదీయడం చేతకాకపోతే ఆ పని ముట్టుకోకండి.

ఒకటి ఒప్పుకోవాలి. షాపు దండగే. లైటర్ సాకెట్ నుంచి డ్యాష్‌బోర్డు మీద వేలాడే వైరు కన్నా మిర్రర్ దగ్గరి కనెక్షన్ వెయ్యి రెట్లు నయం. డిటెక్టర్ మోడల్‌కి సరిపడే మిర్రర్ కేబుల్, ఇన్‌లైన్ ఫ్యూజు, మీటరు ఉంటే అరగంట పని. ముందువైపు కెమెరా ఉన్న కారైతే దాని చూపుకి అడ్డం రాకుండా చూసుకోవాలి, అంతే.

ఇక వర్జీనియా. అక్కడి యాష్‌బర్న్‌లో చుట్టాలున్న ప్రతివాడికీ ఇది తగిలేదే. ఆ రాష్ట్రంలో డిటెక్టర్ వాడటమే కాదు, బండికి ఉండటమే నేరం. మినహాయింపు ఒక్కటే: దానికి కరెంటు అందకూడదు, బండిలో ఎవరి చేతికీ అందుబాటులో ఉండకూడదు. రెండూ. మిర్రర్ పక్కన వైరు గుచ్చి వేలాడుతున్నదాన్ని "ఆపేశానండీ" అంటే ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) నవ్వి మరీ టికెట్ రాస్తాడు. వాషింగ్టన్ డీసీలోనూ నిషేధమే. 10,000 పౌండ్లు దాటిన కమర్షియల్ ట్రక్కులకైతే దేశమంతా. ఉత్తరం నుంచి అటు వెళ్ళేవాళ్ళు మేరీలాండ్ దాటకముందే ఆగి, వైరు పీకి, డిటెక్టర్ ట్రంకులో పడేయండి.