బందరు లేని పారిశ్రామిక విప్లవమా?

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోంచి మొఘలుల పాఠం తీసేశారని 2023లో దేశమంతా రెండుగా చీలి కొట్లాడుకుంది. ఆ కథ పాఠకులకు తెలిసిందే, మళ్లీ చెప్పను. అదే కత్తెరకు పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకంలోంచి కొన్ని పాఠాలు ఎగిరిపోయాయి. ఇస్లాం పుట్టి విస్తరించిన నేలల చరిత్ర ఒకటి. అమెరికా ఖండాల్లోని నాగరికతలు యూరప్ వాళ్ల చేతిలో కూలిపోయిన కథ ఇంకోటి. మూడోది పారిశ్రామిక విప్లవం. వీటి కోసం టీవీల్లో ఎవరూ గొంతు చించుకోలేదు. అక్బర్ పుస్తకంలో ఉంటే ఒకరికి లాభం, పోతే ఇంకొకరికి లాభం. మాంచెస్టర్ నూలు మిల్లు ఉన్నా ఊడినా ఓట్లు రాలవు కదా!

పారిశ్రామిక విప్లవం పోయిందని నేనూ కన్నీళ్లు పెట్టుకోను. మన బళ్లలో ఆ పాఠం చెప్పే తీరు చూస్తే అది ఉన్నా ఒరిగేదేం లేదు. ఏ గైడైనా తెరవండి. ‘పారిశ్రామిక విప్లవం ఇంగ్లండులోనే ఎందుకు మొదలైంది?’ అన్న ప్రశ్న కింద వరసగా కారణాలు: బొగ్గు, ఇనుము, ఓడరేవులు, పెట్టుబడి, సుస్థిర ప్రభుత్వం. ఆ తర్వాత హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ, ఆర్క్‌రైట్ నీటితో తిప్పిన వడికే యంత్రం, జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం. పిల్లాడు కంఠతా పట్టి, మార్కులు తెచ్చుకుని, మర్నాడు మర్చిపోతాడు. అసలు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ఇంగ్లండు చలికి పత్తి పండదు. వాళ్లది తరతరాలుగా గొర్రెబొచ్చు దేశం. అలాంటి చోట కొత్త యంత్రాలన్నీ పనిగట్టుకుని నూలు మీదే ఎందుకు పడ్డాయి?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే బందరు రావాలి.

మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1606 నాటికే కాలు మోపారు. 1611లో ఇంగ్లిషు వాళ్ల ‘గ్లోబ్’ ఓడ వచ్చింది. నిజానికి వాళ్లిద్దరూ వెతుక్కుంటూ బయల్దేరింది లవంగాలు, జాజికాయల కోసం. అవి దొరికేది ఇండోనేషియా దీవుల్లో. ఆ దీవుల వాళ్లకు యూరప్ సరుకు ఆనలేదు, మన తూర్పు తీరపు కోరమండల్ బట్ట తెస్తేనే మసాలా ఇస్తామన్నారు. మసాలా కావాలంటే బట్ట కొనాలి, బట్ట కొనాలంటే వెండి పెట్టాలి. ఆ వెండిలో చాలా వాటా దక్షిణ అమెరికాది. ఇప్పటి బొలీవియాలో పొటోసీ అనే కొండ కింద స్పెయిన్ వాళ్లు అక్కడి ఆదివాసుల చేత వెట్టికి తవ్వించినది. గోల్కొండ రాజ్యంలో ఓ నేతగాడికి ముట్టిన బయానా వెనక ప్రపంచానికి అవతలి వైపున ఓ గని కూలీ ఉన్నాడన్నమాట. ప్రపంచ చరిత్ర అంటే నా దృష్టిలో ఇదీ. మన పుస్తకాల్లో పొటోసీ ఉంటే ఒక పాఠంలో ఉంటుంది, బందరు ఇంకో తరగతిలో ఉంటుంది. ఆ రెంటికీ పరిచయం కూడా ఉండదు.

ఆ బట్టలో ఏముంది అంత? పెడన వైపు వెళ్లి అద్దకం పని చేసేవాళ్లను అడగండి, ఇప్పటికీ చెబుతారు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలల్లో నానబెట్టాలి. పటిక అద్దాలి. ఎర్ర రంగు వేళ్లతో ఉడకబెట్టాలి. పారే నీళ్లలో జాడించి ఎండలో పరవాలి. ఇలా మళ్లీ మళ్లీ. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణా డెల్టా ఇసుక నేలల చిరివేరుకు, ముఖ్యంగా నిజాంపట్నం వైపు దానికి, అప్పటి వర్తకుల్లో మహా గిరాకీ. ఎన్ని ఉతుకులు ఉతికినా దిగని రంగు, పైగా తేలికైన బట్ట. ఉన్ని మోసీ మోసీ విసిగిపోయిన యూరప్ ఆడవాళ్లు ఈ పువ్వుల బట్ట మీద పడ్డారంటే పడరా మరి!

దాంతో అక్కడి నేతగాళ్ల కడుపు కాలింది. 1686లో ఫ్రాన్స్ అద్దకం బట్టల్ని నిషేధించింది, అది 1759 దాకా నడిచింది. ఇంగ్లండు 1700లో రంగుల నూలు బట్ట దిగుమతిని ఆపే చట్టం చేసింది. అదీ చాలలేదు. 1719లో లండన్‌లో పట్టు నేత కార్మికులు వీధుల్లో కాపు కాసి, ఇండియా బట్ట కట్టుకున్న ఆడవాళ్ల ఒంటి మీద గౌన్లు చింపేశారు, సిరా చల్లారు. 1721లో అసలు ఆ రకం బట్ట ఒంటి మీద వేసుకోవడమే నేరమైంది. స్వేచ్ఛా వాణిజ్యం అని తర్వాత ప్రపంచానికంతటికీ పాఠాలు చెప్పిన దేశం చేసిన పని ఇది. ఆ చట్టాల చాటున మాంచెస్టర్ వైపు లాంకషైర్‌లో మన బట్టకు నకలు తీసే ప్రయత్నం సాగింది. నకలు తీయాలంటే మన దారంలా సన్నంగా, గట్టిగా వడకాలి. చేత్తో వాళ్లకు రాలేదు, అందుకే యంత్రం కోసం తంటాలు పడ్డారు. అప్పటి ‘మేక్ ఇన్ ఇంగ్లండ్’ అనుకోండి. జెన్నీ, ఆర్క్‌రైట్ యంత్రం ఆ కసిలోంచి, ఆ కొరతలోంచి పుట్టినవి. బొగ్గు వద్దనను, ఇనుము కాదనను. కానీ ఇండియా బట్టను పక్కనపెట్టి పారిశ్రామిక విప్లవం చెప్పడం అంటే సగం కథ మింగేయడమే.

ఇక్కడ కొందరు మిత్రులు ‘చూశారా మన గొప్ప’ అని చంకలు గుద్దుకుంటారు. కాస్త ఆగాలి. ఇదే కోరమండల్ బట్టను పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఇచ్చి మనుషుల్ని కొన్నారు. 17వ శతాబ్దపు కరువుల్లో డచ్చివాళ్లు మన రేవుల నుంచే ఆకలిగొన్న జనాన్ని బానిసలుగా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడలెక్కించారు. ఆఫ్రికా నుంచి తరలించిన వాళ్ల పిల్లలూ మనవలూ అమెరికాలో కొరడా దెబ్బల కింద పండించిన పత్తే 1793లో గింజ తీసే యంత్రం వచ్చాక లాంకషైర్ మిల్లుల్ని నింపింది. ఆ మిల్లు గుడ్డ తిరిగొచ్చి మన మగ్గాన్ని పడుకోబెట్టింది. మన వస్తువుతో కొన్న మనిషి వంశం చేతే మన పొట్ట కొట్టించిన వ్యాపారం అది. దేశభక్తి పాఠంలో దీన్ని చెప్పలేం. యూరప్ పాఠంలోనూ చెప్పలేం. రెండు సముద్రాల్నీ ఒకే పటం మీద పరిస్తేనే కనబడుతుంది.

ఇంకో మెట్టు దిగుదాం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడ్డాయి. లాంకషైర్ మిల్లులకు పత్తి లేదు. బళ్లారి, కర్నూలు నల్లరేగళ్లతో సహా దక్కనులో పత్తి ధర చుక్కలంటింది. షావుకార్లు పిలిచి అప్పులిచ్చారు. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది, అప్పు మాత్రం మిగిలింది. అవతల ఈజిప్టుదీ అదే కథ. పత్తి ధర చూసుకుని అప్పులు చేసి, తీర్చలేక, 1882లో దేశాన్నే బ్రిటిషు వాళ్లకు అప్పజెప్పుకుంది. పుణె జిల్లా రైతులు 1875లో షావుకార్ల పత్రాలు తగలబెట్టారని పన్నెండో తరగతిలో చదువుతాం. అబ్రహాం లింకన్ గురించి వేరే చోట చదువుతాం. ఆ రైతు అప్పు పెరిగి పెరిగి పత్రాలు తగలబడేదాకా రావడంలో లింకన్ ఓడల దిగ్బంధానికీ చేయి ఉందని ఎంతమంది మాస్టార్లు చెబుతారు?

ఆ వెంటనే 1876లో ధాత కరువు. రాయలసీమలో ఆ మాట పెద్దవాళ్ల నోట ఇంకా వినబడుతుంది. మద్రాసు, బొంబాయి, మైసూరు, హైదరాబాదు ప్రాంతాల్లో యాభై లక్షలకు పైగా చచ్చిపోయారన్నది చరిత్రకారుల అంచనా. కడప, కర్నూలు, బళ్లారి ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయ్ లిట్టన్ దర్బారు జరిపాడు. ఆ నెలలోనే ఇక్కడ సహాయ పనుల్లో కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, చేతిలో ఓ అణా. ఇంతవరకు కొందరు మాస్టార్లయినా చెబుతారు. అవే నెలల్లో ఉత్తర చైనాలోని షాన్సీలో లక్షల మంది ఆకలితో పోయారు. బ్రెజిల్ ఈశాన్యంలో సియారా ఎండిపోయి జనం అడవులకు, రేవులకు పరుగెత్తారు. మూడు చోట్లా వాన ఎగ్గొట్టింది పసిఫిక్ సముద్రపు వేడే. ఏటా వేసవిలో ‘ఎల్‌నినో ప్రభావం’ అన్న వార్త చదివి ఏ విత్తనం వేయాలో తేల్చుకునే అనంతపురం రైతుకు ఈ పాఠం కన్నా దగ్గరి పాఠం ఏముంటుంది? వాన పోవడం సముద్రం పని. కరువు కాలంలోనూ ధాన్యం ఓడలెక్కి బయటికి పోవడం ప్రభుత్వం పని. మూడు దేశాల్నీ పక్కపక్కన పెడితే ఈ రెండు పనులూ విడివిడిగా కనబడతాయి. ఒక్క కడప జిల్లాను మాత్రమే చూస్తే అంతా విధిరాతలా కనబడుతుంది.

‘కాకతీయుల పేర్లే వరసగా చెప్పలేని పిల్లలకు పొటోసీ, సియారా ఎందుకండీ, ముందు మన చరిత్ర రానివ్వండి’ అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ అర్థమైంది, వైద్యం మాత్రం తప్పు. కాకతీయుల్నే తీసుకుందాం. చీరాల దగ్గర మోటుపల్లిలో 13వ శతాబ్దపు గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు లాగేసుకునేవారు, ఇకపై వాడుక సుంకం తప్ప ఏదీ తీసుకోం, నిర్భయంగా రండి అని దూరదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు ఆ రాజు. వరంగల్ కోట గోడ ఎత్తు ఎంతో చెప్పి ఈ సముద్రం సంగతి వదిలేస్తే మనం చెప్పింది ఏ కాకతీయుల చరిత్ర? ప్రపంచం మన చరిత్రకు తర్వాత అతికించుకునే అనుబంధమేం కాదు.

రెండో ప్రపంచ యుద్ధానిదీ ఇదే వాలకం. హిట్లర్ పోలెండ్ మీద పడ్డాడు అని మొదలై హిరోషిమాతో ముగుస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అంతకు ముందే రంగూన్ పడిపోయింది, అక్కడి రేవులో మూటలు మోసిన మన శ్రీకాకుళం, విశాఖ జనం కాలినడకన అడవులు దాటి వచ్చారు. ఆ తెలుగు కూలీల మీద 1930లోనే రంగూన్‌లో దాడులు జరిగాయి. ఆర్థిక మాంద్యం అమెరికా పాఠంలో ఉంది, బర్మా అల్లర్లు ఏ పాఠంలోనూ లేవు. ఉత్తరాంధ్ర బడిలో మొదటి పేజీ ఇక్కణ్నుంచి ఎందుకు మొదలవకూడదు?

సీబీఎస్ఈ పదో తరగతిలో ఇలాంటి చరిత్ర చెప్పే ప్రపంచీకరణ పాఠం ఒకటి నిజంగానే ఉంది, మంచి పాఠం. ఈమధ్య బోర్డు పరీక్షకు అందులో పాతకాలపు భాగాన్ని మాత్రం ఉంచి, వలస కూలీలు, మాంద్యం ఉన్న మిగతా భాగాన్ని ప్రాజెక్టు పనికి తోసేశారు. ప్రాజెక్టు అంటే ఎవరు చేస్తారో, ఏ జిరాక్సు షాపులో తయారవుతుందో తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు. ఇటు సివిల్స్ వాళ్ల సిలబస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచి మొదలు. అంటే ప్రపంచం యూరప్ చేతికి చిక్కాకే అది చరిత్ర. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పుస్తకాల దుకాణాల ముందు గుట్టలు పోసిన నోట్సుల్లో విప్లవాలు, యుద్ధాలు, ఒప్పందాలు వరసగా ఉంటాయి. చదివి ఐఏఎస్ అయినవాడు రేపు బందరు రేవు ఫైలు చూస్తాడు.

ఇదంతా సిలబస్ కమిటీల మీద నెట్టేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే చరిత్రను ముందు బయటికి గెంటింది మన ఇళ్లు. పదో తరగతి అయిందంటే ఎంపీసీ, లేదంటే బైపీసీ. హెచ్‌ఈసీ తీసుకుంటానన్న పిల్లాణ్ని చుట్టాలంతా జాలిగా చూస్తారు. పేరుమోసిన ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో ఆ గ్రూపు పలకరింపుకైనా దొరకదు. పదిహేనేళ్లకే చరిత్రకు దణ్ణం పెట్టిన పిల్లల్ని ఇరవై రెండేళ్లకు అమెరికా విమానం ఎక్కిస్తున్నాం. ఇంకే జాతీ ఇంత ధైర్యం చేయదు.

వాళ్లు వెళ్తున్న దేశం 1917లో ఆసియా వాళ్లకు తలుపు వేసింది. భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ల దగ్గర కూడా లాక్కున్నారు. 1946లో ఏడాదికి వంద మందికి సందు ఇచ్చారు. తలుపు నిజంగా తెరుచుకుంది 1965 వలస చట్టంతో. నల్లజాతి వాళ్లు లాఠీలు, కుక్కలు, జైళ్లు భరించి సాధించుకున్న ఓటు హక్కు చట్టం ఆ ఆగస్టులో వచ్చింది, ఈ వలస చట్టం అక్టోబరులో వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి మనిషి విలువ కట్టడం తప్పన్న వాదన ఆ పోరాటం నుంచే బలం తెచ్చుకుంది. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఇళ్లు కొన్న మనవాళ్లలో కొందరు నల్లవాళ్ల గురించి వాట్సాప్‌లో పంపుకునే మాటలు చూస్తే ఈ పాఠం లేకపోవడం ఎంత ఖరీదైనదో అర్థమవుతుంది.

ఒకప్పుడు మనం ఇలా లేం. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు వాళ్లు హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగువాళ్లకు కొత్త జ్ఞానం అందించాలనుకున్నప్పుడు మొదట అచ్చేసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన లింకన్ జీవితం. బానిసత్వాన్ని రద్దు చేసినవాడి కథ తెలుగువాడికి ఎందుకు అని వాళ్లను ఎవరైనా అడిగే ఉంటారు. అయినా వేశారు.

ఇప్పుడు నేనడిగేది అంతకన్నా చిన్నది. రెండు రాష్ట్రాల సాంఘిక శాస్త్రం పుస్తకాలు ఈసారి తిరగరాసేటప్పుడు పారిశ్రామిక విప్లవం పాఠంలో జేమ్స్ వాట్ బొమ్మ పక్కన బందరు అద్దకం గుడ్డ బొమ్మ ఒకటి వేయండి. ప్రశ్నపత్రం తయారుచేసే మాస్టార్లు ‘ఐదు కారణాలు రాయుము’ కొట్టేసి, ‘పత్తి పండని దేశంలో నూలు మిల్లులు ఎందుకు వెలిశాయి?’ అని అడగండి. మార్కులు ఎన్నయినా వేసుకోండి, ఛాయిస్‌లో మాత్రం పెట్టకండి.