పెట్టె మీద వడ్డించే ముందు, దాంట్ల ఏం పెట్టిన్రో చూడున్రి

వాకిట్ల మూలకు పడున్న సామాన్ల పెట్టెను ఎండకాలం చుట్టాలొచ్చినప్పుడు వడ్డించే బల్లగా వాడుకోవచ్చన్న మీ సలహా నాకు మస్తు నచ్చింది. కానీ ఒక్క మాట తప్పకుండా చేర్చాలె. మా నల్లగొండ దిక్కు పత్తి చేన్లున్న ఇండ్లల్ల ఇసొంటి పెట్టెల పురుగుమందు డబ్బాలు పెడతరు. ఆ పెట్టెను మాత్రం తిండి దగ్గరికి రానియ్యొద్దు. కారిన మందు కట్టెలకు ఇంకుతది. సర్ఫుతోని కడిగినా, పైన రంగేసినా పోయిందన్న నమ్మకం లేదు. పిల్లలు చేతులు పెట్టి ఆ చేత్తోనే మామిడిపండు తింటరు. పారలు, పైపులు పెట్టిన పెట్టె అయితే బేఫికర్‌గా వాడుకోండి, ముందుగాల ఖాళీ చేసి తేళ్లున్నయేమో చూసుకోండి.

ఇనుప పెట్టె అయితే పడమటి ఎండ తగలని జాగల, యాపచెట్టు కింద పెట్టాలె. మే నెలల ఇక్కడ 40 డిగ్రీలు దాటుతది, పొద్దుగూకినా రేకు తొందరగ సల్లారదు. పైన షాబాద్ బండ పరిస్తే గిన్నెలు నిలకడగుంటయి, తుడుసుడు అల్క. పెట్టె గట్టిదైతేనే సుమా, బండ బరువు తక్కువేం కాదు.

ఇంకోటి, మీరు రంజన్‌ను, అంటే మంచినీళ్ల మట్టికుండను, పెట్టె లోపల పెట్టి తలుపు మూయమన్నరు. అట్ల వద్దు. మట్టి రంధ్రాల నుంచి ఊరిన నీళ్లు ఆవిరైతేనే రంజన్ సల్లబడతది, దానికి గాలి ఆడాలె. పెట్టె పక్కన నీడల తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. లోపల గ్లాసులు, విస్తరాకులు పెట్టుకోవచ్చు.