ఒక చెట్టు పది ఏసీలతో సమానమా? ఎండాకాలపు సందేశానికి సమాధానం

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి వాట్సాప్‌లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఎదిగిన చెట్టు ఒక్కటి రోజుకు 20 గంటలు నడిచే పది గది ఏసీలంత చల్లదనం ఇస్తుందని అందులో ఉంటుంది. రోడ్డు మీద 55 డిగ్రీలు, పక్కనే చెట్టు కింద 35 డిగ్రీలు చూపించే థర్మల్ ఫోటో ఒకటి జతచేసి, చెట్లు ఊరి వేడిని 20 డిగ్రీలు తగ్గిస్తాయంటారు. పచ్చగా ఉన్నది ఏదైనా అదే మేలు చేస్తుందని, ఒక చెట్టు పోయినా పది మొక్కలు నాటితే సరిపోతుందని, హైదరాబాద్‌లో పచ్చదనం పదేళ్లలో 147 శాతం పెరిగింది కనుక దిగులు అక్కర్లేదని కూడా ఉంటుంది. పంపేవాళ్ల ఉద్దేశం మంచిదే, నేనూ చెట్ల పక్షమే. కానీ ఇందులో మొదటి రెండు మాటలు చెట్టు చేయలేని పనిని దానికి అంటగడుతున్నాయి, తక్కిన మూడూ అది నిజంగా చేసే పనిని మరుగుపరుస్తున్నాయి. ఈ రెండు రకాల పొరపాట్లకూ మూల్యం చెల్లించేది చెట్టే.

మొదట ఏసీల లెక్క. వేడిని కూడా కరెంటు బిల్లులోని యూనిట్లలోనే కొలిస్తే, ఒక టన్ను ఏసీ గంటకు దాదాపు మూడున్నర యూనిట్ల వేడిని గదిలోంచి బయటికి లాగుతుంది. పది ఏసీలు 20 గంటలు నడిస్తే అది 700 యూనిట్లు. చెట్టు తన ఆకుల ద్వారా నీటిని ఆవిరి చేసి పరిసరాల వేడిని తీసుకుంటుంది. బడి పుస్తకాల్లో దీన్నే బాష్పోత్సేకం అని చదువుకున్నాం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి సుమారు 0.68 యూనిట్లు కనుక, 700 యూనిట్ల వేడిని తీసుకోవాలంటే ఆ చెట్టు రోజుకు వెయ్యి లీటర్లకు పైగా నీరు తాగాలి. అంటే ఇంటి మీద ఉండే వెయ్యి లీటర్ల ట్యాంకు ఒకటి దానికి రోజూ ఖాళీ కావాలి. వేళ్లకు నీరు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు వంద లీటర్ల దాకా ఆవిరి చేస్తుందనుకుంటే, అది ఒక టన్ను ఏసీ ఒక్కటి 19 గంటల పాటు చేసే పనికి సమానం. అదీ చిన్న పనేమీ కాదు, కానీ పదిలో ఒక వంతు. మే నెలలో మన వీధుల్లో నేల ఎండిపోయి ఉంటుంది. నీరు దొరకనప్పుడు చెట్టు తన ప్రాణం కాపాడుకోవడానికి పత్రరంధ్రాలు మూసుకుంటుంది. మనకు చల్లదనం బాగా కావలసిన మధ్యాహ్నమే దాని బాష్పోత్సేకం తగ్గిపోతుంది. పైగా అసలు ఈ పోలికే కుదరదు. ఏసీ మూసిన గదిని చల్లబరిచి, ఆ వేడికి తను వాడిన కరెంటు వేడిని కూడా కలిపి వీధిలోకి వదులుతుంది. చెట్టు వీధినే చల్లబరుస్తుంది, ఆ చల్లదనాన్ని గాలి నలుగురికీ పంచుతుంది.

థర్మల్ ఫోటో అబద్ధం కాదు, దాన్ని చదవడంలోనే తప్పుంది. ఆ కెమెరా చూపేది రోడ్డు ఉపరితలం ఎంత కాలిందన్నది. వార్తల్లో మనం వినే 42, 43 డిగ్రీలు గాలి ఉష్ణోగ్రత. ఎండ నేరుగా తగలకుండా, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తున పెట్టిన థర్మామీటరుతో వాతావరణ శాఖ దాన్ని కొలుస్తుంది. తారు రోడ్డు 55 డిగ్రీలకు కాలినంత మాత్రాన దాని మీది గాలి అంత వేడెక్కదు. పలు దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష 2010లో వెలువడింది. నగరాల్లోని పార్కులు పగటిపూట చుట్టుపక్కల కంటే సగటున దాదాపు ఒక డిగ్రీ మేర చల్లగా ఉంటాయని అందులో తేలింది. ఇరవై ఎక్కడ, ఒకటి ఎక్కడ అని నిరాశపడనక్కర్లేదు. మే నెల మిట్టమధ్యాహ్నం ఒంటి మీద చదరపు మీటరుకు సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది, కాలిన రోడ్డు, గోడలు మరికొంత వేడిని విసురుతాయి. నీడ ఈ రెండింటినీ ఆపుతుంది. మా వీధి చివర వేపచెట్టు కింద ఒకాయన ఇస్త్రీ బండి పెట్టుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి నిప్పుల పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తూ కూడా ఆయన అక్కడ నిలబడగలుగుతున్నారంటే గాలి చల్లబడిందని కాదు, పైనుంచి పడే ఎండా కిందినుంచి కొట్టే సెగా ఆగాయని అర్థం. విశాఖ, విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో గాలిలో తేమ ముందే ఎక్కువ కనుక, ఆవిరి వల్ల వచ్చే మేలు కంటే నీడ వల్ల వచ్చే మేలే పెద్దది.

పచ్చగా ఉన్నదేదైనా ఒకటే అన్న మాట అన్నిటికంటే హాని చేసేది. డివైడర్ల మీద పరిచే పచ్చిక రోజూ నీరు పోసినంతకాలమే చల్లగా ఉంటుంది, నీడ ఇవ్వదు. ఆటస్థలాల్లో, అపార్ట్‌మెంట్లలో పరుస్తున్న ప్లాస్టిక్ గడ్డి ఎండలో తారు రోడ్డు కంటే కూడా ఎక్కువ కాలుతుంది. రంగు పచ్చగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని ఈ జాబితాలో కలపడం అన్యాయం. చెట్లలోనూ తేడా ఉంది. వేప, కానుగ ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకుతో నిండు నీడనిస్తాయి. తురాయి అదే సమయంలో ఆకు రాల్చి పూతకొస్తుంది.

అయితే సందేశంలో ఒక్క మాటైనా లేనిది నేల గురించి. అమెరికాలోని మాడిసన్ నగరంలో పరిశోధకులు సైకిళ్లకు ఉష్ణోగ్రత కొలిచే పరికరాలు బిగించి వీధి వీధీ తిరిగి, 2019లో ఫలితాలు ప్రచురించారు. ఒక వీధి పరిధిలో చెట్ల నీడ 40 శాతం దాటినప్పుడే పగటి వేడి గట్టిగా తగ్గుతున్నట్టు, రాత్రి వేడిని మాత్రం సిమెంటు, తారు కప్పిన నేల ఎంతుందన్నదే ఎక్కువగా నిర్ణయిస్తున్నట్టు వాళ్లు గమనించారు. మన దేశంలో ఐఐటీ బాంబే పరిశోధకులు 2017లో ప్రచురించిన ఉపగ్రహ అధ్యయనంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వానలకు ముందటి ఎండాకాలంలో చాలా నగరాల నేల పగటిపూట చుట్టుపక్కల పల్లెల కంటే చల్లగా ఉంటోంది, రాత్రి వేడిగా ఉంటోంది. పంట కోసేశాక పొలాల్లో నేలను కప్పే ఆకు ఉండదు, తేమ ఉండదు, కనుక అవి పగలు భగ్గున కాలతాయి, చీకటి పడగానే చల్లారతాయి. నగరంలో గచ్చు, గోడలు, స్లాబులు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంటాయి. రాత్రి పదింటికి మేడ మీద పిట్టగోడకు చెయ్యి ఆనిస్తే ఈ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. రేకుల ఇళ్లలో, ఇరుకు బస్తీల్లో నిద్ర పట్టకుండా చేసేది ఈ రాత్రి వేడే.

ఒక చెట్టుకు పది మొక్కలన్న మాట, చేవెళ్ల రోడ్డును వెడల్పు చేయడానికి మర్రిచెట్లు తొలగించాలన్న సందర్భంలో చాలాసార్లు విన్నాం. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే ఆ దారిలో అప్పా జంక్షన్, మన్నెగూడ మధ్య వందలాది మర్రులున్నాయి. ఇరవై మీటర్ల అడ్డం ఉన్న మర్రి కొమ్మల గొడుగు 314 చదరపు మీటర్ల నేలను కప్పుతుంది. ఒక మీటరు అడ్డం ఉన్న మొక్క ఒక్క చదరపు మీటరును కూడా కప్పదు. ఆ మర్రి నీడకు సరితూగాలంటే అలాంటి మొక్కలు నాలుగు వందలు కావాలి, అన్నీ బతకాలి. అప్పుడు కూడా మోకాలెత్తు నీడలో మనిషి నిలబడలేడు.

ఇక 147 శాతం. ఆ అంకె నిజమైనదే. 2021 భారత అటవీ స్థితి నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 2011లో 33.15 చదరపు కిలోమీటర్లు, 2021లో 81.81. ఈ పెరుగుదల వెనుక ఎందరిదో కష్టం ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ నివేదిక అడవిగా లెక్కించేది కనీసం ఒక హెక్టారు ఉండి, అందులో పదో వంతు నేలైనా కొమ్మల కింద ఉన్న స్థలాన్ని. మీ వీధిలోని పాతిక చెట్ల వరుస ఆ లెక్కలోకి రాదు, అది నరికేసినా ఆ అంకె తగ్గదు. కేబీఆర్ పార్కు లాంటి చోటు ఎంత చల్లగా ఉన్నా ఆ చల్లదనం కొన్ని వందల మీటర్లకు మించి పోదు. పాతబస్తీలో ఉండేవారికి అది అందదు.

వేపచెట్టు సంగతి చెప్పాను కదా. మూడేళ్ల కిందట ఆ వీధికి పేవర్ బిళ్లలు వేసినప్పుడు మొదలు దాకా సిమెంటు పూసేశారు. వానపడితే నీరంతా కాలువలోకి పోయేది, చెట్టు ఏటికేడు పలచబడింది. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ ఆదేశం గురించి ఇస్త్రీ ఆయనకు తెలియదు. పోయిన జూన్‌లో గడ్డపారతో రెండు వరుసల బిళ్లలు ఆయనే పీకేసి, రాలిన ఆకును అక్కడే కుప్పగా పరిచి, సాయంత్రం బండి కట్టేసే ముందు మిగిలిన నీళ్లు పోసి వెళ్తున్నారు. ఈ మార్చిలో కింది కొమ్మలు కూడా చిగురేశాయి.