విముక్తి పొందినవారి కృతఘ్నత

ఇరాక్ ప్రజల స్వభావంలోని ఒక లోపాన్ని ఇంతవరకూ ఎవరూ తగినంత గంభీరంగా చర్చించకపోవడం విచారకరం. వందేళ్లు నిండకుండానే రెండుసార్లు, ఎవరూ పిలవకపోయినా, పెద్ద దేశాలు ఫిరంగులు మోసుకుంటూ అంత దూరం వచ్చి తమను విముక్తులను చేసినా, వారు ఒక్కసారైనా మర్యాదగా నమస్కారం పెట్టలేదు.

మొదటి విముక్తి 1917 మార్చిలో జరిగింది. బాగ్దాద్‌ను పట్టుకున్న బ్రిటిష్ జనరల్ మాడ్, తాము జయించడానికి కాదు, విముక్తి కలిగించడానికే వచ్చామని ఊరంతటికీ ప్రకటన విడుదల చేశాడు. ఆ సైన్యంలో పెద్ద భాగం మన దేశపు సిపాయిలే కనుక, తమకే లేని స్వేచ్ఛను ఇంకొకరికి పంచిపెట్టిన అరుదైన ఘనత మనవాళ్లకూ దక్కింది. మూడేళ్లకే, 1920లో, ఇరాకీలు తిరగబడ్డారు. నేలమీది మాట చెవికెక్కనివారికి ఆకాశం నుంచి నచ్చజెప్పే పనిని బ్రిటిష్ వైమానిక దళం స్వీకరించింది.

రెండోది 2003 మార్చిలో అమెరికా దాడితో మొదలైంది. అంతకు ముందు నెలలోనే భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పవెల్ ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయంటూ ఒక చిన్న సీసా ఎత్తి చూపించి, ఇంత ఆంత్రాక్స్ (ప్రాణం తీసే రోగక్రిమి) పొడి ఎంత పని చేయగలదో సభకు వివరించాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే మిత్రదేశాలు వెంటనే పలుపుతాళ్లతో బయలుదేరాయి. కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెత మనకుంది గానీ, ఇక్కడ ఎలుక కూడా దొరకలేదు. ఆయుధాల నిల్వలేవీ లేవని అమెరికా సొంత తనిఖీ బృందమే 2004లో రాసి ఇచ్చింది. (మన లోక్‌సభ ఈ దాడిపై హిందీలో "నింద" అని తీర్మానించి, ఇంగ్లీషు ప్రతిలో అంతకంటే మెత్తని మాట వాడుకున్నది. ఏ భాషలో ఎంత కోపం రావాలో తెలిసిన దేశం మనది.)

ఆ ఏప్రిల్‌లో బాగ్దాద్ మ్యూజియం నుంచి సుమారు 15 వేల వస్తువులు దొంగల పాలవుతున్న రోజుల్లో, చమురు మంత్రిత్వశాఖ భవనానికి మాత్రం అమెరికా సైనికుల కాపలా ఉండడాన్ని కొందరు ఇప్పటికీ తప్పుపడుతుంటారు. వేల ఏళ్లుగా ఏ అమెరికా సైనికుడి కాపలా లేకుండానే నిలిచిన సుమేరియన్ వస్తువులకు ఇంకో మూడు రోజులు కాపలా ఎందుకన్న న్యాయమైన ప్రశ్నకు వారివద్ద జవాబు లేదు.

ఆపైన అమెరికా తరఫున ఇరాక్ పాలకుడిగా వచ్చిన పాల్ బ్రెమర్ ఏడాది పైచిలుకు కాలంలో 100 ఉత్తర్వులు జారీ చేశాడు. 2వ ఉత్తర్వుతో సైన్యం రద్దయి లక్షల మంది తుపాకుల వాడకం తెలిసినవారు ఒక్కరోజులో నిరుద్యోగులయ్యారు. 39వ ఉత్తర్వుతో, చమురు వంటి సహజ వనరులు మినహా, వ్యాపారాలను విదేశీయులు నూటికి నూరు శాతం కొనుక్కోవచ్చునని, లాభాలు మొత్తం పట్టుకుపోవచ్చునని తేలింది. సంక్రాంతికి వచ్చిన అల్లుడు పాలేర్లను మాన్పించి, పెరడు స్నేహితులకు రాసిచ్చి, తన మీద ఈ ఊళ్లో ఎవరూ కేసు వెయ్యరాదని తనే కాగితం రాసుకుని, తనే సంతకం పెట్టుకుని రైలెక్కినట్టు, బ్రెమర్ కూడా 2004 జూన్ 27న, అంటే వెళ్లిపోవడానికి సరిగ్గా ఒకరోజు ముందు, విదేశీ సైనికులకూ కాంట్రాక్టర్లకూ ఇరాక్ చట్టం వర్తించదన్న 17వ ఉత్తర్వును సవరించి, ఖాయపరిచి మరీ కదిలాడు.

ఈ ముందుచూపు వృథా కాలేదు. 2007 సెప్టెంబరులో బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే అమెరికా ప్రైవేటు భద్రతా కంపెనీ కాపలాదార్లు 17 మందిని కాల్చి చంపినప్పుడు, బాగ్దాద్ కోర్టులకు ఆ శ్రమ తప్పింది. అమెరికాలోనే శిక్ష పడిన నలుగురికీ 2020లో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టాడు.

ఇంత చేసినా, 2008 డిసెంబరు 14న బాగ్దాద్ పత్రికా సమావేశంలో ముంతదర్ అల్ జైదీ అనే విలేఖరి, వీడ్కోలు పేరిట ఒకటి, వితంతువుల, అనాథల తరఫున ఇంకొకటి, తన రెండు బూట్లూ అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ మీదికి విసిరాడు. రెండూ తగల్లేదు. తుపాకీ కాల్చినవారిని ముట్టుకోలేని ఇరాక్ చట్టం, బూటు విసిరినవాడికి మాత్రం చక్కగా వర్తించి మూడేళ్ల జైలు వేసింది. తరువాత ఏడాదికి తగ్గించగా తొమ్మిది నెలలకు విడుదలయ్యాడు. ఆ బూట్లను మాత్రం తిరిగి ఇవ్వలేదు. పేలుడు పదార్థాలేమైనా దాచి ఉంచాడేమోనని భద్రతాధికారులు పరీక్షల్లో వాటిని పూర్తిగా చీల్చి చూశారు. అందులోనూ ఏమీ లేదు.